సైకోపీజీ2 నేమ్డ్ కర్సర్: మధ్యలో కమిట్ కొడితే లూప్ ఆగిపోతోంది

ప్రశ్న:
పైథాన్‌లో సైకోపీజీ2 (పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌తో మాట్లాడే లైబ్రరీ) వాడుతున్నా. పోస్ట్‌గ్రెస్ టేబుల్లో 80 లక్షల రోలు (వరుసలు) చదివి, మార్చి, అదే కనెక్షన్ మీద ఇంకో టేబుల్లో రాయాలి. మామూలు కర్సర్‌తో (క్వెరీ నడిపి ఫలితం చదివే సాధనం) ర్యామ్ నిండిపోతోంది, ఫెచ్‌మెనీ వాడినా అంతే. నేమ్డ్ కర్సర్ పెడితే ర్యామ్ గొడవ పోయింది గానీ, 10,000 రోలకోసారి చేసే కమిట్ (రాసినవాటిని ఖాయం చేసి ట్రాన్సాక్షన్ ముగించడం) మొదటిసారి పడగానే "నేమ్డ్ కర్సర్ ఈజ్‌న్ట్ వాలిడ్ ఎనీమోర్" అంటోంది. ఆటోకమిట్‌లో (ప్రతి ఆదేశం దానంతటదే కమిట్ అయ్యే పద్ధతి) అసలు మొదలే కాదు. ఏం చేయాలి?

జవాబు 1:
మామూలు కర్సర్‌లో ఎగ్జిక్యూట్ అనగానే రిజల్ట్ మొత్తం క్లయింట్‌కి వచ్చేస్తుంది. ఫెచ్‌మెనీ ఆ వచ్చినదాన్నే ముక్కలుగా ఇస్తుంది, అంతే. నేమ్డ్ కర్సర్ సర్వర్‌లో ఉంటుంది, ట్రాన్సాక్షన్‌తో పాటే పోతుంది. కాబట్టి రెండు కనెక్షన్లు తెరవండి: ఒకటి చదవడానికి, ఒకటి రాయడానికి. కమిట్ రెండోదాని మీదే. చదివేటప్పుడు ఫర్ లూప్ వాడండి, ఇటర్‌సైజ్ (ఒక్కో ట్రిప్పులో తెచ్చే రోల సంఖ్య) డిఫాల్ట్‌గా 2000 కాబట్టి 4,000 సార్లు సర్వర్‌కి వెళ్లొస్తే సరిపోతుంది. ఫెచ్‌వన్ వాడితే ఒక్కో రోకీ ఒక ట్రిప్పు! అంకె ఇవ్వని ఫెచ్‌మెనీ కూడా అంతే, అది వాడుకునే అర్రేసైజ్ డిఫాల్ట్ 1.

జవాబు 2:
నేమ్డ్ కర్సర్‌కి విత్‌హోల్డ్ ట్రూ (కమిట్ తర్వాత కూడా కర్సర్‌ని ఉంచే ఆప్షన్) పెడితే ఒకే కనెక్షన్‌తోనూ నడుస్తుంది. కానీ మొదటి కమిట్ దగ్గర సర్వర్ మిగతా రిజల్ట్ అంతా తయారుచేసి దాచిపెడుతుంది, పెద్దదైతే డిస్క్ మీద టెంప్ ఫైల్‌లోకి పోతుంది. ఆ కమిట్ చాలాసేపు పడుతుంది. మధ్యలో పీజీబౌన్సర్ (సర్వర్ కనెక్షన్లను పలువురికి పంచే ప్రోగ్రామ్) ట్రాన్సాక్షన్ మోడ్‌లో, అంటే ట్రాన్సాక్షన్ అవగానే కనెక్షన్‌ని వేరొకరికి ఇచ్చేలా ఉంటే ఈ దారి మర్చిపోండి.

జవాబు 3:
రెండు కనెక్షన్ల పద్ధతిలో చదివే ట్రాన్సాక్షన్ గంటల తరబడి తెరిచే ఉంటుంది. అంతసేపూ వాక్యూమ్ (పోస్ట్‌గ్రెస్ చెత్త ఊడ్చే పని) ఆ తర్వాత చచ్చిన, అంటే మార్చిన లేదా తీసేసిన, పాత రోలను తీసేయలేకపోతుంది. సర్వర్‌లో ఐడిల్ ఇన్ ట్రాన్సాక్షన్ టైమౌట్ (ట్రాన్సాక్షన్ తెరిచి ఖాళీగా ఉన్న కనెక్షన్‌ని తెంచే గడువు) ఉంటే, రాయడం ఆలస్యమైనప్పుడు చదివే కనెక్షన్ తెగుతుంది కూడా. తెగితే మళ్లీ మొదటినుంచే. నేనైతే కర్సర్ జోలికే పోను: చివరి ఐడీ కంటే పెద్దవి, ఐడీ వరుసలో, లిమిట్ 10,000. ఆ చివరి ఐడీని రాతలతో పాటు అదే ట్రాన్సాక్షన్‌లో దాచండి, ఆగినచోట నుంచే మొదలవుతుంది. ఆఫ్‌సెట్ (మొదటి ఇన్ని రోలు దాటేయమనడం) మాత్రం వద్దు, లోపలికి పోయేకొద్దీ నెమ్మదిస్తుంది.

అడిగినవారు:
చదివే క్వెరీలో మూడు జాయిన్లున్నాయి, డేటా అంతా ఒకే క్షణానిది కావాలి. ఐడీ పద్ధతి కుదరదు.

జవాబు 1:
అయితే రెండు కనెక్షన్లే. ఒక్క జాగ్రత్త: నేమ్డ్ కర్సర్ అంటే ప్లానర్ (క్వెరీని ఎలా నడపాలో తేల్చే సర్వర్ భాగం) మీరు 10 శాతమే చదువుతారనుకుని, మొదటి రోలు త్వరగా వచ్చే ప్లాన్ ఎంచుకుంటుంది. మొత్తం చదివేవాళ్లకి అది నష్టం. డిక్లేర్‌కి (సర్వర్‌లో కర్సర్‌ని తెరిచే ఆదేశం) ముందు, అదే ట్రాన్సాక్షన్‌లో, సెట్ లోకల్‌తో కర్సర్_టపుల్_ఫ్రాక్షన్‌ని 1.0 చేయండి. ప్లాన్ చూడాలంటే ఉత్త సెలెక్ట్‌కి కాదు, డిక్లేర్‌తో కలిపి ఎక్స్‌ప్లెయిన్ కొట్టండి; రెండింటికీ వేర్వేరు ప్లాన్లు రావచ్చు.