పేరు మార్చుకున్న కంట్రిబ్యూటర్లు: గిట్ హిస్టరీలో పాత పేరును ఏం చేయాలి?

నల్లరేగడి:
పైథాన్ లైబ్రరీ, గిట్‌లో (కోడ్ మార్పుల చరిత్ర దాచే సాధనం) దాదాపు 4,000 కమిట్లు (పేరు, ఈమెయిల్‌తో నమోదైన మార్పులు). ఒకే నెలలో రెండు వినతులు వచ్చాయి. ఒకరు ట్రాన్స్ మహిళ, పాత పేరు ఎక్కడా కనబడకూడదంటున్నారు. ఇంకొకరు విడాకుల తర్వాత పుట్టింటి ఇంటిపేరు మళ్లీ పెట్టుకున్నారు. సహ మెయింటెయినర్ ఏమో రెండోది సరే గానీ మొదటిది రాజకీయం, గెజిట్ కాపీ అడుగుదాం అంటున్నారు. హిస్టరీ తిరగరాయాలా, పాత ఈమెయిల్‌కి కొత్త పేరు చూపించే మెయిల్‌మ్యాప్ చాలా? గెజిట్ అడగడం సబబేనా?

టెర్మినల్‌తాత:
ముందు గెజిట్ సంగతి. ఆవిడ మొదటి కమిట్ పంపినరోజు ఆధార్ చూశారా? గిట్ కాన్ఫిగ్‌లో ఎవరేం టైప్ చేస్తే అదే పేరు. వచ్చేటప్పుడు అడగని రుజువు మారేటప్పుడు అడగడమేంటి? లినక్స్ కెర్నెల్ వాళ్లు కూడా, కమిట్ సందేశం చివర పేరు రాసే సైన్డ్-ఆఫ్-బై వరుసలో అసలు పేరే ఉండాలన్న నియమాన్ని 2023లో సడలించారు. తెలిసిన గుర్తింపు చాలు, అనామకంగా మాత్రం కుదరదు.

ఇక పని. రిపో (ప్రాజెక్టు ఫోల్డర్) రూట్‌లో డాట్ మెయిల్‌మ్యాప్ అనే ఫైలు పెట్టండి. మనిషికో వరుస: కొత్త పేరు, కోణపు బ్రాకెట్లలో కొత్త ఈమెయిల్, పక్కనే మళ్లీ బ్రాకెట్లలో కమిట్లలో ఉన్న పాత ఈమెయిల్. పాత పేరు రాయనే అక్కర్లేదు. చాలామంది తప్పు చేసేది ఇక్కడే: పాత పేరు కూడా చేర్చే పొడుగు రూపం వాడతారు. దాచమన్న పేరును ఫైల్లో అచ్చేసి అందరికీ పంచినట్టు. ఆ రూపం కావలసింది ఒకే ఈమెయిల్‌తో ఇద్దరు కమిట్ చేసిన చోట మాత్రమే, అంటే ఆఫీసులో నలుగురూ వాడే మెషీన్ లాంటివి.

పాత ఈమెయిళ్లు ఒకటికి మించి ఉంటాయి. గిట్ షార్ట్‌లాగ్‌కి (ఎవరెన్ని కమిట్లు చేశారో చూపే కమాండ్) ఎస్, ఎన్, ఇ అనే మూడు ఆప్షన్లు (-sne), దాంతోపాటు ఆల్ (--all) కూడా ఇస్తే అన్ని బ్రాంచీల్లోవీ బయటపడతాయి. ఒక్కోదానికి ఒక్కో వరుస.

బ్లేమ్ (ఏ లైను ఎవరు రాశారో చూపేది), షార్ట్‌లాగ్ దీన్ని ఎప్పట్నుంచో చూస్తాయి. గిట్ లాగ్ (కమిట్ల జాబితా) మాత్రం 2.23 వెర్షన్ (2019) నుంచే అడగకుండా చూస్తోంది. పని చేయని చోట్లు:

పాత రిలీజ్ బ్రాంచికి మారితే అక్కడ ఈ ఫైలు ఉండదు, పాత పేరు మళ్లీ వస్తుంది. ఇంకా సపోర్టులో ఉన్న ప్రతి బ్రాంచికీ చెర్రీ-పిక్ చేయండి (ఆ ఒక్క కమిట్‌ను అక్కడికి కాపీ చేయడం).

రిలీజ్ నోట్స్ తయారుచేసే స్క్రిప్టులో లాగ్ ఫార్మాట్ చూడండి. పర్సెంట్, ఏ, చిన్న ఎన్ అని ఉంటే అది మెయిల్‌మ్యాప్‌ను పట్టించుకోదు. పెద్ద ఎన్ కావాలి. ఒక్క అక్షరం తేడాతో కొత్త రిలీజ్ నోట్స్‌లో పాత పేరు అచ్చవుతుంది.

కమిట్ సందేశం లోపలి సైన్డ్-ఆఫ్-బై, కో-ఆథర్డ్-బై వరుసలు లాగ్‌లో ఉన్నవి ఉన్నట్టే కనిపిస్తాయి.

పాతకాపు:
మెయిల్‌మ్యాప్‌కి నాకు అభ్యంతరం లేదు. తిరగరాయడానికి మాత్రం గట్టిగా వద్దంటాను, అది రాజకీయం కాదు. ఫిల్టర్-రిపో (హిస్టరీ తిరగరాసే సాధనం) మెయిల్‌మ్యాప్ ఆప్షన్‌తో పని పది నిమిషాల్లో అయిపోతుంది, తలనొప్పి ఆ తర్వాత మొదలవుతుంది. మారిన మొదటి కమిట్ నుంచి చివరిదాకా ప్రతి హ్యాష్ (కమిట్ గుర్తింపు సంఖ్య) మారుతుంది. జీపీజీ సంతకాలు (కమిట్ ఎవరిదో రుజువు చేసే డిజిటల్ సంతకాలు) పోతాయి. సబ్‌మాడ్యూల్‌గా తమ ప్రాజెక్టుల్లో వాడేవాళ్లు, ఫలానా కమిట్‌కి పిన్ చేసుకున్న లినక్స్ డిస్ట్రోల ప్యాకేజర్లు, అందరికీ విరుగుతుంది. ఇంతా చేసి, ఫోర్కుల్లో (ఇతరులు తీసుకున్న నకళ్లలో) పాత కమిట్లు అలాగే ఉంటాయి. గిట్‌హబ్ పుల్ రిక్వెస్టుల (మార్పు వినతుల) కోసం దాచే కమిట్ గురుతులు, అంటే రెఫ్‌లను మనం మార్చలేం. వేల మందిని ఇబ్బంది పెట్టీ పేరు పోదు. పైగా ఎందుకు తిరగరాశారని అందరూ తవ్వుతారు.

కందిపచ్చడి:
తిరగరాయొద్దన్న మాటతో ఏకీభవిస్తున్నాను. కానీ సహ మెయింటెయినర్ గారు ఇంటిపేరు మార్పు సరే, ఈ మార్పు రాజకీయం అంటున్నారే, రాజకీయం ఆ తేడాలోనే ఉంది. పెళ్లికి ఇంటిపేరు మారడం మన దగ్గర మామూలు కాబట్టి దాన్నెవరూ ప్రశ్నించరు. కానీ దానివల్లా నష్టముంది: కొత్త పేరుకు కొత్త ఈమెయిల్ కూడా తోడైతే, లెక్కల్లో ఒకే మనిషి ఇద్దరుగా చీలి, ఇద్దరూ చిన్న కంట్రిబ్యూటర్లుగా మిగులుతారు. గిట్‌హబ్ 2017 సర్వేలో స్పందించిన 5,500 మందిలో మహిళలు 3 శాతమే. ఉన్న ఆ కొద్దిమందినీ సగాలు చేసి లెక్కపెడుతున్నాం. కారణం అడగని ఒకే నియమం కంట్రిబ్యూటింగ్ ఫైల్లో రాయండి, ఇద్దరికీ సరిపోతుంది.

వెబ్‌లో ఇంకో సంగతి. గిట్‌హబ్ పేజీలు మెయిల్‌మ్యాప్ చదవవు, ఈమెయిల్‌ని బట్టి ఖాతాను కలుపుతాయి. అందుకని పాత ఈమెయిల్‌ను ఖాతా నుంచి తీసేయొద్దని ఆవిడకు చెప్పండి. తీసేస్తే కమిట్‌లోని పాత పేరే బయటికొస్తుంది. ఉంచినా, కమిట్ లింకు చివర డాట్ ప్యాచ్ తగిలిస్తే కనిపిస్తుంది.

తర్వాత గిట్ కాని చోట్లు: ఆథర్స్ ఫైలు, ప్రాజెక్టు వివరాల ఫైలు పైప్రాజెక్ట్ టామల్, కాపీరైట్ హెడర్లు. అనువాదాలుంటే పీఓ ఫైళ్లలో లాస్ట్-ట్రాన్స్‌లేటర్ వరుస, దీన్ని అందరూ మర్చిపోతారు. పైపీఐలో (పైథాన్ ప్యాకేజీల భాండాగారం) పాత రిలీజుల మెటాడేటా మారదు, కొత్త రిలీజ్ వేస్తే పైన కనిపించేది సరైనదవుతుంది.

అన్నిటికన్నా ముఖ్యం: దీనికి ఇష్యూ తెరవొద్దు. కమిట్ సందేశం "మెయిల్‌మ్యాప్ సవరణ" అని ఊరుకోండి. ఇద్దరి వరుసలూ ఒకే కమిట్‌లో, ఇంకో నాలుగు అక్షర దోషాల సవరణలతో కలిపి పెడితే ఇంకా మంచిది.

నల్లరేగడి:
ధన్యవాదాలండీ. ఒక చిక్కు మిగిలింది. ఆవిడ పాత ఈమెయిల్‌లోనే పాత పేరుంది.

టెర్మినల్‌తాత:
దానికి శుభ్రమైన దారి లేదు. ఈమెయిల్‌ను హ్యాష్‌గా (చదవలేని కోడ్‌గా) రాసుకునే ప్రతిపాదన గిట్ డెవలపర్ల దగ్గరికి వెళ్లింది గానీ కలవలేదు. తెలిసిన ఈమెయిళ్లన్నిటికీ హ్యాష్ కట్టి పోల్చితే దొరికిపోతుందన్నది దానిమీద అభ్యంతరం. మిగిలినవి రెండే: వరుస పెట్టి, లాగ్‌లో కొత్త పేరు చూపిస్తూ ఆ ఈమెయిల్ ఫైల్లో ఉండనివ్వడం. లేదా వరుస పెట్టకుండా, గిట్‌హబ్ ఖాతా వరకు సరిచేసి, క్లోన్ చేసుకున్నవాళ్ల లాగ్‌లో పాత పేరు ఉండనివ్వడం. రెండిటి నష్టమూ ఆవిడకు ప్రైవేటుగా రాయండి. ఏదో ఆవిడనే చెప్పనివ్వండి, మీరు ఓటింగ్ పెట్టకండి.