రెండు రోజుల హైదరాబాద్: రామోజీయా, చార్మినారా? (దిగేది ఎక్కడ అన్నది కూడా తేలలేదు)

రాజమండ్రి_అమ్మాయి
అందరికీ నమస్కారం. వచ్చే నెల రెండో శనివారం, ఆదివారం కలిపి హైదరాబాద్ వెళ్దామనుకుంటున్నాం. నేను, మావారు, పాప (9), బాబు (4), మా అమ్మ (68, మోకాళ్ళ నొప్పులు). శుక్రవారం రాత్రి గోదావరి ఎక్కితే శనివారం పొద్దున్నే నాంపల్లిలో దిగుతాం. తిరుగు ప్రయాణం ఆదివారం రాత్రి గౌతమికి. అంటే చేతిలో ఉండేది రెండు పగళ్ళు, ఒక రాత్రి.

పాపకు రామోజీ ఫిల్మ్‌సిటీ కావాలి. మావారికి చార్మినార్, గోల్కొండ, సాలార్‌జంగ్ మ్యూజియం. బాబుకు జూలో ఏనుగు కనిపిస్తే చాలు. అమ్మ అడిగింది ఒక్కటే, బాచుపల్లిలో మా పిన్ని వాళ్ళింట్లో దిగుదామని. మావారేమో నాంపల్లి స్టేషన్ దగ్గర గది తీసుకుందాం అంటున్నారు. ఇందులో ఏది వదిలెయ్యాలో చెప్పండి.

పాతబస్తీ_నేస్తం
రామోజీని వదిలెయ్యండి. ఇంకో ఆలోచన వద్దు.

అది విజయవాడ హైవే మీద అబ్దుల్లాపూర్‌మెట్ దగ్గర ఉంది. పదహారు వందల ఎకరాల పైమాట. పొద్దున వెళ్తే సాయంత్రం వరకూ బయటపడరు. మీకున్న రెండు పగళ్ళలో ఒకటి అక్కడే అయిపోతుంది.

శనివారం స్నానాలు, టిఫిన్ కాగానే బిర్లా మందిర్. ఫోన్లు కింద ఇచ్చెయ్యాలి, అది గుర్తుంచుకోండి. అక్కణ్ణుంచి సాలార్‌జంగ్. పన్నెండు కొట్టేలోపు గడియారం ముందు కూర్చోవాలి. అందులో ఒక చిన్న బొమ్మ సుత్తి పట్టుకుని సెకన్లు కొడుతూ ఉంటుంది. గంట కాగానే గడ్డం బొమ్మ తలుపు తీసుకుని బయటికొచ్చి, ఎంతయిందో అన్ని దెబ్బలు కొట్టి లోపలికి పోతుంది. పన్నెండింటికైతే పన్నెండు దెబ్బలు, అందుకే అప్పుడు అంత జనం. మా నాన్న నన్ను భుజాల మీద ఎక్కించుకుని చూపించాడు, నేను నా కొడుకుని ఎక్కించుకున్నాను. సాయంత్రం చార్మినార్, లాడ్‌బజార్ గాజులు. ఆదివారం పొద్దున జూ, మధ్యాహ్నం గోల్కొండ. చార్మినార్‌కీ గోల్కొండకీ 15 ఏళ్ళలోపు పిల్లలకు టికెట్ లేదు.

మ్యూజియానికి శుక్రవారం సెలవు, జూకి సోమవారం. మీకు రెండూ అడ్డం రావు.

రైలుబండి
బాబుకు అయిదేళ్ళు నిండలేదు కాబట్టి బెర్త్ అక్కర్లేకపోతే టికెట్టే వద్దు. పాపకు బెర్త్ కావాలంటే పూర్తి ఛార్జీ, బెర్త్ లేకుండా అయితే సగం. అరవై రోజుల ముందే రిజర్వేషన్ తెరుస్తారు, మీరు ఇప్పటికే ఆలస్యం చేశారు. రెండో శనివారం గోదావరిలో వెయిటింగ్ లిస్టు ఎలా ఉంటుందో చూశారా?

బావర్చీ_భక్తుడు
ఎక్కడికెళ్ళినా బిర్యానీ మాత్రం మర్చిపోకండి 😀

ఔటర్‌రింగు
పాతబస్తీ గారూ, అడిగింది ఎవరు? తొమ్మిదేళ్ళ పిల్ల. ఆ పిల్ల అడిగింది ఒకటే. దాన్నే కొట్టేసి, మీ చిన్నప్పటి గడియారం చూపిస్తారా?

నాకూ తొమ్మిదేళ్ళప్పుడు మా నాన్న ఇలాగే సాలార్‌జంగ్ అంతా గదిగదికీ తిప్పాడు. కత్తులు, పింగాణీ ప్లేట్లు, మళ్ళీ పింగాణీ ప్లేట్లు. ముసుగు రెబెక్కా అనే పాలరాతి బొమ్మ ముందు అరగంట నిలబెట్టి "రాతిలో పల్చటి బట్ట ఎలా చెక్కాడో చూడరా" అన్నాడు. నేను చూసింది బయట అమ్మే పుచ్చకాయ ముక్కల్ని. ఆ రోజు సాయంత్రం ఎక్కడికో తీసుకెళ్తానన్నాడు, టైమ్ అయిపోయింది. ఆ "ఎక్కడికో" నేను మళ్ళీ చూడలేదు.

దూరం అంటున్నారు. బాచుపల్లిలో దిగినా సరే, ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కితే చుట్టూ తిరిగి పెద్ద అంబర్‌పేట దగ్గర దిగిపోవచ్చు. సిగ్నలే ఉండదు.

పాతబస్తీ_నేస్తం
ఔటర్ మొత్తం 158 కిలోమీటర్లు సార్. బాచుపల్లి వాయవ్యాన, రామోజీ తూర్పున. దాదాపు సగం చక్రం తిరగాలి. సిగ్నల్ లేదు నిజమే, క్యాబ్ మీటర్ మాత్రం ఉంది. ఇద్దరు పిల్లలు, మోకాళ్ళ నొప్పుల పెద్దావిడ, పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి. మీరొస్తారా డ్రైవర్‌గా?

ఔటర్‌రింగు
చార్మినార్‌కి మాత్రం ఆవిడ్ని ఎత్తుకెళ్తారా? పైకి 149 మెట్లు, అదీ గుండ్రంగా తిరిగే ఇరుకు మెట్లు.

పాతబస్తీ_నేస్తం
పైకి ఎక్కమని ఎవరన్నారు? 1591 నుంచి కింద నిలబడి కూడా జనం చూస్తున్నారు.

ఔటర్‌రింగు
గోల్కొండలో కూడా కిందే నిలబెడతారా? మరి ఆవిడ చూసేదేంటి, టికెట్ కౌంటరా?

పాతబస్తీ_నేస్తం
కింద కోట వాకిలి ఫతే దర్వాజా దగ్గర ఆవిడ చప్పట్లు కొడితే పైన బాలాహిసార్‌లో మనవరాలికి వినిపిస్తుంది. అంతకంటే ఏం కావాలి? మీ ఫిల్మ్‌సిటీలో ఉన్నవన్నీ ప్లాస్టర్ గోడలే.

నీలిగోరింట
ఇద్దరూ ఆగండి. పెద్దావిడ కూర్చుని చూడగలిగింది ఒకటుంది, లుంబినీ పార్క్ నుంచి పడవలో హుస్సేన్‌సాగర్ మధ్యలో ఉన్న బుద్ధుడి విగ్రహం దగ్గరికి వెళ్ళడం. ఏకశిల, 58 అడుగులు. 1990లో తీసుకెళ్తుంటే పడవ మునిగి సాగర్‌లో పడిపోయింది, 1992లో బయటికి తీసి నిలబెట్టారు. ఈ కథ చెబితే పాప రామోజీ కూడా మర్చిపోతుంది.

కూకట్‌పల్లి_కోడలు
ఇంతసేపూ అందరూ మెట్లు లెక్కపెడుతున్నారు. ఆవిడ అడిగిన రెండో ప్రశ్నకు ఒక్కరూ జవాబు చెప్పలేదు. రాజమండ్రి గారూ, హోటల్ తీసుకోండి. మీవారు చెప్పిందే సబబు.

గోదావరి దిగేది నాంపల్లిలో. బిర్లా మందిర్, సాలార్‌జంగ్, లుంబినీ పార్క్ అన్నీ అక్కడికి దగ్గరే. బాచుపల్లికి మెట్రో లేదు, మియాపూర్ దాకా వెళ్ళి అక్కణ్ణుంచి ఆటో పట్టాలి. మీ రెండు పగళ్ళలో ఒక పూట రానూపోనూ సరిపోతుంది.

గోదారిగట్టు
సొంత పిన్ని ఇల్లు పెట్టుకుని హోటలా? పెద్దావిడ నోరు తెరిచి అడిగింది అదొక్కటే. అది కూడా కాదంటే ఇక ఆవిడ్ని తీసుకెళ్ళడం దేనికి, సామాన్లకు కాపలాకా?

కూకట్‌పల్లి_కోడలు
నేను దూరం గురించి చెప్పాను.

గోదారిగట్టు
దూరం సంగతి కాదమ్మా అది. ఊరు వదిలి వెళ్ళినవాళ్ళకు బంధువులు బరువైపోయారు, అదీ సంగతి.

కూకట్‌పల్లి_కోడలు
సరే, అయితే అదే మాట్లాడదాం.

మాది రెండు బెడ్‌రూముల ఫ్లాట్. మేము నలుగురం, మామగారితో కలిపి. పోయిన ఎండాకాలం మా అపార్ట్‌మెంట్ బోరు ఎండిపోయి ట్యాంకర్ నీళ్ళు. ఏప్రిల్, మే కలిపి మా ఇంటికి అయిదుసార్లు చుట్టాలు వచ్చారు. ఒకరు పరీక్షకు, ఒకరు ఇంటర్వ్యూకి, మిగతావాళ్ళు "ఊరికే చూసిపోదామని". నేను ఆఫీసు నుంచి ఏడున్నరకు వస్తే హాల్లో పరుపులు, బాల్కనీ కడ్డీ మీద తొమ్మిది తువ్వాళ్ళు. తొమ్మిది. లెక్కపెట్టాను, ఎందుకంటే ఉతకాల్సింది నేనే. "ఏమీ వద్దమ్మా, పప్పుచారు చాలు" అంటారు. పదిమందికి పప్పుచారు కూడా వంటే కదండీ.

వాళ్ళలో ఒక్కరు కూడా వచ్చేముందు "నీకు వీలవుతుందా" అని అడగలేదు. మా ఆయన్ని అడిగారు. ఆయన రమ్మన్నారు. ఆయనకేం, పోయేదేముంది?

అమీర్‌పేట_హాస్టల్
తొమ్మిది తువ్వాళ్ళు 😭 మా అక్క చెప్పినట్టే ఉంది.

గోదారిగట్టు
నా లెక్క కూడా వినండి మరి.

నా మేనల్లుడు చిన్నప్పుడు ప్రతి వేసవికీ నెలంతా మా ఇంట్లోనే ఉండేవాడు. మా ఆవిడ ఏనాడూ తువ్వాళ్ళు లెక్కపెట్టలేదు. పోయిన ఏడాది నాకు కంటి ఆపరేషన్ అంటే హైదరాబాద్ వెళ్ళాం. బంగినపల్లి మామిడికాయలు కాయకాయకీ గడ్డి చుట్టి బుట్టలో సర్దుకుని, వాడికోసం మోసుకెళ్ళాను. రైలు దిగి ఫోన్ చేస్తే, "మామయ్యా, ఆసుపత్రి పక్కనే మంచి గది బుక్ చేశాను, లొకేషన్ పంపుతున్నా" అన్నాడు. డబ్బు వాడే కట్టాడు, కాదనను. సాయంత్రం వచ్చి పళ్ళు కూడా ఇచ్చి వెళ్ళాడు. కానీ ఆ బుట్ట లాడ్జి గదిలో మంచం కింద పెట్టాను. మూడో రోజుకు గదంతా మామిడి వాసన. రూమ్ బాయ్‌కి ఇచ్చేశాను.

మీ బాల్కనీలో తొమ్మిది తువ్వాళ్ళు ఉన్నాయి. నా బుట్ట ఆ ఇంటి గడప తొక్కలేదు.

పాతబస్తీ_నేస్తం
పెద్దాయనా, మాట చెప్పి మనసు పాడు చేశారు. కానీ మెట్ల విషయంలో నేను చెప్పింది తప్పు కాదు.

కూకట్‌పల్లి_కోడలు
గోదారిగట్టు గారూ, ఆ బుట్ట గురించి నాకు బాధగానే ఉంది. ఒక్కటి అడుగుతాను, కోపం తెచ్చుకోకండి. ఆ నెల రోజులూ మీ ఆవిడగారు లెక్కపెట్టలేదని మీకెలా తెలుసు?

గోదారిగట్టు
నలభై ఏళ్ళ కాపురం. తెలియదా?

కూకట్‌పల్లి_కోడలు
అడిగారా?

రైలుబండి
చర్చ దారి తప్పింది. ఆవిడ రిజర్వేషన్ చేయించుకున్నారా లేదా?

నీలిగోరింట
రాజమండ్రి గారూ, అసలు మీ పిన్నిగారిని ఎవరైనా అడిగారా?

రాజమండ్రి_అమ్మాయి
చదువుతూనే ఉన్నాను, ఏం రాయాలో తోచలేదు. గొడవ పెట్టినట్టయింది, క్షమించండి.

నిజం చెప్పాలంటే ఎవరూ అడగలేదు. అమ్మ "చెల్లెలింటికి వెళ్ళడానికి అడిగేదేంటి" అంది. హైదరాబాద్ దాకా వెళ్ళి చెల్లెలింట్లో దిగలేదంటే మా వీధిలో ఏమనుకుంటారో అని కూడా ఉంది. నిన్న రాత్రి నేనే ఫోన్ చేశాను. పిన్ని కొడుకూ కోడలి దగ్గర ఉంటుంది. "అడుగుతావేంటే, తిన్నగా ఇంటికి వచ్చెయ్యండి" అంది. అరగంటకు మా మరదలి నుంచి వాట్సాప్. "వదినా, తప్పకుండా రండి. శనివారం నాకు నైట్ షిఫ్టు ఉంది, రాత్రి భోజనం బయట నుంచి తెప్పిస్తాను, ఏమనుకోకండి."

అమ్మకు చూపిస్తే, "ఇంటికి వచ్చినవాళ్ళకు హోటల్ తిండా?" అంది. నేను మాట్లాడలేదు.

కూకట్‌పల్లి_కోడలు
ఆ "ఏమనుకోకండి" పంపేముందు ఆ అమ్మాయి ఎన్నిసార్లు టైప్ చేసి చెరిపిందో నాకు తెలుసు. నేనూ అలాగే పంపుతాను.

గోదారిగట్టు
ఆ అమ్మాయి ముందే చెప్పింది. అది మంచిదే. మావాడు రైలు దిగాక చెప్పాడు.

రాజమండ్రి_అమ్మాయి
ఇప్పటికి అనుకున్నది ఇది. నాంపల్లిలో గది మాకు నలుగురికే. శనివారం పొద్దున మా తమ్ముడు స్టేషన్‌కి వచ్చి అమ్మను బాచుపల్లి తీసుకెళ్తాడు. అక్కాచెల్లెళ్ళిద్దరూ రెండు రోజులూ అక్కడే ఉంటారు. అమ్మకు చార్మినార్ చూడాలని అసలు లేదట, ఇప్పుడు చెబుతోంది. మేము శనివారం సాలార్‌జంగ్, చార్మినార్. ఆదివారం పొద్దున పడవ, మధ్యాహ్నం భోజనానికి పిన్ని ఇంటికి. కూర నేను వండుతానని మరదలికి చెప్పాను, వద్దంది, కానీ గట్టిగా అనలేదు. ఆ రాత్రి లింగంపల్లిలో గౌతమి ఎక్కుతాం. రామోజీ ఈసారికి లేదు. జూ కూడా కుదరలేదు. పాప నిన్నటి నుంచి నాతో మాట్లాడటం లేదు. బాబు మాత్రం సంబరంగా ఉన్నాడు, వాడికి ఆ గురువారమే అయిదేళ్ళు నిండుతాయి, రైల్లో కేక్ కోస్తానంటున్నాడు.

ఔటర్‌రింగు
చూశారా, పాప మాట్లాడటం లేదట. నేను చెప్పలేదా?

పాతబస్తీ_నేస్తం
గడియారం ముందు కూర్చోబెట్టండి, అదే మాట్లాడుతుంది. పదకొండున్నరకే వెళ్ళండి.

రైలుబండి
ఒక్క నిమిషం. గురువారం అయిదేళ్ళు నిండితే శుక్రవారం ప్రయాణానికి బాబుకు టికెట్ కావాలి. బెర్త్ వద్దంటే సగం, కావాలంటే పూర్తి. నేను పైన చెప్పింది ఇక చెల్లదు.