రెండు మ్యుటేషన్లు ఒకే కణంలో ఉన్నాయా, వేర్వేరు కణాల్లోనా?

కావలి దగ్గర వ్యవసాయం చేసుకునే మా నాన్నగారికి క్రానిక్ మైలాయిడ్ లుకేమియా (ఒక రకం రక్త క్యాన్సర్) ఉంది. ఇమాటినిబ్ అనే మందుతో కొన్నేళ్లు అదుపులో ఉన్న బీసీఆర్-ఏబీఎల్ (ఈ క్యాన్సర్‌కు కారణమయ్యే జన్యువు) స్థాయి ఈమధ్య మళ్లీ పెరగడంతో, డాక్టరు గారు నెల్లూరులో రక్తం తీయించి, సాంగర్ అనే జన్యుక్రమం చదివే పద్ధతిలో మ్యుటేషన్ (జన్యు మార్పు) పరీక్ష చేయించారు. రిపోర్టులో టీ315ఐ, ఎఫ్317ఎల్ అనే రెండు మార్పులు ఉన్నాయి. జతచేసిన గ్రాఫులో ఆ రెండు చోట్లా ఒక గీత కింద మరో రంగు గీత చిన్నగా లేచి ఉంది.

మొలగొలుకుల వరి చేలో కేళీలు (వేరే రకం మొక్కలు) ఉన్నట్టు, ఒకే రోగిలో వేర్వేరు మార్పులున్న క్యాన్సర్ కణాలు కలిసి పెరుగుతాయని నాన్నగారికి చెబితే వెంటనే అర్థమైంది. నా సందేహం అంత తేలికైనది కాదు. టీ315ఐ ఉన్న కణాలు ఇమాటినిబ్, డాసాటినిబ్, నీలోటినిబ్ మందులకు లొంగవు గాని పొనాటినిబ్ అనే మందుకు లొంగుతాయి. అయితే టీ315ఐతో పాటు మరో మార్పు కూడా అదే జన్యు ప్రతిలో చేరితే, కొన్ని జంటలు పొనాటినిబ్‌ను సైతం తట్టుకుంటాయని చదివాను. సాంగర్ పద్ధతి కణాలన్నిటినీ కలిపి చదువుతుంది కనుక రెండు మార్పులూ ఒకే కణంలో ఉన్నాయా, వేర్వేరు కణాల్లోనా అన్నది చెప్పజాలదు, పైగా సుమారు 15-20 శాతం కంటే తక్కువగా ఉన్న కణ సమూహాలను అది పట్టుకోలేదు.

ఈ రెండు స్థానాలూ పక్కపక్కనే ఉన్నాయి కాబట్టి, నెక్స్ట్ జనరేషన్ సీక్వెన్సింగ్‌లో ఒకే రీడ్‌లో (ఒకే జన్యు ముక్కను చదివిన వరుసలో) రెండూ కనిపిస్తున్నాయో లేదో చూసి చెప్పమని ల్యాబును అడగవచ్చా? ఈ పరీక్షకు వాడే ఆర్‌ఎన్‌ఏ (జన్యువు నకలు) త్వరగా చెడిపోతుందంటారు. నెల్లూరు నుంచి చెన్నైకి శాంపిల్ పంపినవారు ఎలా పంపారు? మందు మార్చే నిర్ణయం డాక్టరు గారిదే, ఆయనను ఏమి అడగాలో తెలిసినవారు దయచేసి చెప్పగలరు.