తెలంగాణ పోరాటంలో ఆడవాళ్ల గురించి ఏం చదవాలి?

ప్రశ్న: తిరుపతిలో ఎంఏ హిస్టరీ చేస్తున్నా. సాయుధ పోరాటంలో ఆడవాళ్ల మీద సెమినార్ ఉంది, చాకలి ఐలమ్మ, మల్లు స్వరాజ్యం తప్ప ఎవరి గురించీ దొరకట్లేదు. టెన్షన్‌గా ఉంది.

జవాబు 1: స్త్రీశక్తి సంఘటన అనే మహిళా బృందం వాళ్లు 1986లో వేసిన 'మనకు తెలియని మన చరిత్ర' పట్టుకో అమ్మా. ఆ పోరాటంలో ఉన్నవాళ్లే చెప్పుకున్న మాటలు. 1951లో పోరాటం ఆపేశాక మళ్లీ ఇంటిపనికే పొమ్మన్నారన్న బాధ ఉంది చూడు, నాకైతే తుపాకీ కథలకంటే అదే గుచ్చుకుంది.

జవాబు 2: పక్కనే నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన 1992 సారా వ్యతిరేక ఉద్యమం కూడా చూడు, మన చిత్తూరు పల్లెల్లోకీ పాకింది.

ప్రశ్న అడిగినామె: అది సాయుధ పోరాటంలా లెఫ్ట్ ఉద్యమం కాదు కదన్నా?

జవాబు 2: ఏ పార్టీదీ కాదులే. రాత్రిబడుల్లో అక్షరాలు దిద్దుకున్న ఆడవాళ్లు లేపింది, వామపక్ష మహిళా సంఘాలు తోడొచ్చాయి. 1993లో సారా బంద్.