గాజుల కిట్లు ఇంటికి పంపి పని ఇస్తామంటున్నారు, 3,500 డిపాజిట్ కట్టవచ్చా?

వాకిలి ముగ్గు (రాజమహేంద్రవరం)

అందరికీ నమస్కారం. మా ఇంటికి మావారి జీతం ఒక్కటే ఆధారం. చిన్నవాడికి ఇంకా మూడేళ్లు నిండలేదు కాబట్టి నేను బయటికి వెళ్లి ఉద్యోగం చేయడం కుదరదు. గత వారం వాట్సాప్ గ్రూపులో ఒక ప్రకటన చూశాను. సిల్కు దారం గాజుల కిట్లు యాభై కొరియర్‌లో ఇంటికి పంపుతారట. ఒక్కో కిట్టులో ఆరు ప్లాస్టిక్ గాజులు, దారం లచ్ఛీలు, రాళ్ల లేసు, కుందన్లు, జిగురు ఉంటాయి. మనం దారం చుట్టి, రాళ్లు అతికించి తిరిగి పంపితే సెట్టుకు 30 రూపాయలు ఇస్తామంటున్నారు. అయితే ముందుగా 3,500 డిపాజిట్ కట్టాలి, పని పూర్తయ్యాక తిరిగి ఇచ్చేస్తామని చెబుతున్నారు. ఇలాంటి పని చేసినవారు ఉంటే డబ్బు సరిగ్గా వచ్చిందో లేదో చెప్పండి. కిట్లలో 2.4 నుంచి 2.10 వరకు సైజులు కలిసి వస్తాయట, వాటిని ఎలా వేరు చేయాలో, ఏ జిగురు వాడితే దారం మీద మరక పడదో కూడా చెప్పగలరు.

కొత్తపేట దీపం

కట్టవద్దు చెల్లెమ్మా. గాజుల సంగతి నాకు తెలియదు కానీ డిపాజిట్ సంగతి నాకు తెలిసినంతగా ఇక్కడ ఎవరికీ తెలియదనుకుంటాను. నేను దీపం వత్తుల మిషను కొన్నాను. మిషనుకు లక్షా డెబ్బై వేలు కట్టించుకున్నారు, దూది కూడా వాళ్ల దగ్గరే కొనాలన్నారు, తయారైన వత్తులన్నీ కిలోల లెక్కన తామే తిరిగి కొంటామని వంద రూపాయల స్టాంపు కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇచ్చారు. మొదటి మూడు నెలలూ డబ్బు ఠంచనుగా వచ్చింది. ఆ మూడు నెలల డబ్బు చూసే మా బావమరిది చేత కూడా మిషను కొనిపించాను. నాలుగో నెలలో వత్తుల బస్తాలు ఆటోలో వేసుకుని వెళ్లేసరికి ఆఫీసుకు తాళం వేసి ఉంది, మాలాంటి వాళ్లు అప్పటికే నలభై మంది దాకా మెట్ల మీద కూర్చుని ఉన్నారు. పోలీసు కేసు పెట్టాం, నడుస్తోంది. మిషను ఇప్పటికీ మా వరండాలో గోనె పట్టా కప్పుకుని ఉంది. పని ఇచ్చేవాడు కూలి ఇవ్వాలి కానీ మన దగ్గర డబ్బు అడగడమేమిటి?

లెక్కల పుస్తకం

మోసమా కాదా అన్న మాట పక్కన పెట్టి ముందు లెక్క చూడండి. యాభై సెట్లు, సెట్టుకు 30 చొప్పున మొత్తం 1,500 రూపాయలు. మీరు ముందే కడుతున్నది 3,500. వాళ్లు ఒక్క కిట్టు కూడా తిరిగి తీసుకోకపోయినా వాళ్లకు నష్టం లేదు, మీరు యాభై సెట్లూ తప్పు లేకుండా చేసి పంపినా వాళ్ల చేతిలో ఉన్న మీ డబ్బులో సగం కూడా మీ కూలి కాదు. ఇక సమయం. కొత్తవారికి ఒక గాజుకు దారం చుట్టి, లేసు అతికించి, ఆరబెట్టడానికి పావుగంట పడుతుంది. ఆరు గాజులకు గంటన్నర. అంటే గంటకు 20 రూపాయలు. తిరిగి పంపే కొరియర్ ఖర్చు ఎవరిదో మీరు రాయలేదు, అది మీదే అయితే ఆ ఇరవై కూడా మిగలదు.

మంగళగిరి మల్లె

అందరూ భయపెట్టడమే కానీ అడిగిన సైజుల గురించి ఎవరూ చెప్పలేదు. ఇందులో కష్టమేమీ లేదండి. గాజు మీద ఉన్న అంకెను బట్టి వేరు చేసుకోవడమే. 2.10 అంటే రెండు దశాంశం ఒకటి కాబట్టి అన్నిటికన్నా చిన్నది, తర్వాత 2.4, 2.6, 2.8 వరుసగా పెద్దవి. చిన్నపిల్లల సెట్లు 2.10లో వేసుకోండి.

బేగంబజారు బాట

దయచేసి తప్పు సమాచారం ఇవ్వకండి. పదిహేనేళ్లుగా హైదరాబాదు బేగంబజారు నుంచి గాజులు డబ్బాల లెక్కన తెచ్చి జిల్లాలకు పంపుతున్నవాడిని, ఈ మాట చదివి ఊరుకోలేకపోయాను. గాజుల కొలతలో ఉన్న చుక్క దశాంశం చుక్క కాదు. చుక్కకు ముందున్నవి అంగుళాలు, తర్వాతవి అంగుళంలో పదహారో వంతులు. 2.4 అంటే రెండుంపావు అంగుళాలు, అంటే లోపలి అడ్డకొలత సుమారు 57 మిల్లీమీటర్లు. 2.6 అంటే 60, 2.8 అంటే రెండున్నర అంగుళాలు కాబట్టి 63న్నర, 2.10 అంటే 67కు కాస్త తక్కువ. 2.10 అన్నిటికన్నా పెద్దది. దాన్ని చిన్నపిల్లలకు వేస్తే మోచేతి దాకా జారిపోతుంది.

మంగళగిరి మల్లె

మీరు డబ్బాలు అమ్ముతారేమో, నేను చేతులతో చుట్టేదాన్ని. నాలుగేళ్లలో మూడు వందల సెట్లకు పైగా చేశాను. మా ఊరి దుకాణంలో 2.10 అని రాసి ఉన్న డబ్బాలోంచి తీసిన గాజు నా చేతికి ఎక్కలేదు.

బేగంబజారు బాట

డబ్బా మీద దుకాణదారు ఏమి రాసినా కొలత మారదు, స్కేలు పెట్టి చూడండి. మూడు వందల సెట్లు చేసినవారు ఈ మాట అనడం నాకు బాధగా ఉంది. మీ మాట నమ్మి ఆ అమ్మాయి సైజులు తారుమారు చేస్తే యాభై సెట్లూ తిప్పికొడతారు, డిపాజిట్ పట్టేసుకోవడానికి వాళ్లకు కావలసిన సాకు సరిగ్గా అదే.

మంగళగిరి మల్లె

ఇప్పుడే స్కేలు పెట్టి చూశాను. 2.10 డబ్బాలోది లోపల 62 మిల్లీమీటర్లే ఉంది, అయితే అది దారం చుట్టిన గాజు. మరో డబ్బాలో చుట్టని గాజు 66కు పైనే ఉంది. మీరు చెప్పిన కొలత నిజమే, వరుస విషయంలో నేనే పొరబడ్డాను. కానీ మీరు చెప్పని సంగతి కూడా ఇందులోనే ఉంది. దారం రెండు మూడు పొరలు చుట్టి లోపలి వైపు కూడా జిగురు రాస్తే గాజు ఒక సైజు తగ్గినంత బిగుసుకుంటుంది. డబ్బా అమ్మేవారికి ఇది కనబడదు, చుట్టేవారికే తెలుస్తుంది.

బేగంబజారు బాట

ఒప్పుకుంటున్నాను. నేను చుట్టని గాజు కొలతే చెప్పాను.

నర్సాపురం సూది

మాది నర్సాపురం దగ్గర పల్లె. మా అత్తగారు, ఆవిడ అత్తగారు, ఇప్పుడు నేను, మూడు తరాలుగా లేసు అల్లుతున్నాం. కిట్టు ఇంటికి రావడం, చేసి తిరిగి ఇవ్వడం అన్న పద్ధతి మీకు కొత్తగా ఉందేమో కానీ మా ఊళ్లలో మిషనరీలు ఈ అల్లిక నేర్పిన 19వ శతాబ్దం నుంచీ అదే పద్ధతి. ఏజెంటు దారం తూచి ఇస్తాడు, అల్లిన ముక్కలు మళ్లీ తూచి తీసుకుంటాడు. పువ్వులు అల్లే చేతిపని ఒకరిది, ఆ పువ్వులను కలిపి బల్లగుడ్డగానో దుప్పటిగానో చేసే అతుకుపని ఇంకొకరిది. తూకంలో దారం తగ్గిందంటే కూలిలో కోత పడుతుంది. మా అత్తగారు తెగిన దారం ముక్కలను కూడా పారేయకుండా కొబ్బరిచిప్పలో దాచేవారు, తూకం రోజున అవి కూడా కాటాలో వేయమని ఏజెంటుతో వాదించేవారు.

జర్మనీ నుంచి వచ్చిన మరియా మీస్ అనే సామాజిక శాస్త్రవేత్త మా ప్రాంతపు లేసు అల్లే ఆడవాళ్ల గురించి 1982లో పుస్తకం రాశారు. వీళ్లు ఇంట్లో తీరిక వేళల్లో సూది పట్టుకునే గృహిణులే తప్ప కార్మికులు కారన్న భావన వల్లే విదేశాలకు వెళ్లే సరుకుకు కూడా ఇంత తక్కువ కూలి దక్కుతోందని ఆవిడ చూపించారు. ఆ మాట నేటికీ నిజం. 2024లో నర్సాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది, మాకందరికీ సంతోషం కలిగింది, కానీ మా వీధిలో ఒక్కరి కూలి కూడా దానివల్ల పెరగలేదు. ఒక్క మాట మాత్రం ఘంటాపథంగా చెప్పగలను. ఎంత కోత పెట్టే ఏజెంటు కూడా మా దగ్గర డిపాజిట్ ఎన్నడూ అడగలేదు. దారం అతనిది, నమ్మకం అతను పెట్టాలి.

పెద్దాపురం వీధి

అమ్మాయి గాజుల గురించి అడిగితే లేసు చరిత్ర ఎందుకండీ? పైగా వత్తుల మిషను కథలు. ఆశకు పోయినవారు మోసపోతారు, అందులో వింతేముంది? అన్ని సంస్థలూ దొంగవే అంటే ఇంట్లో ఉన్న ఆడవాళ్లకు పని ఎక్కడిది?

కొత్తపేట దీపం

ఆశకు పోయానంటున్నారు. నెలకు పదిహేను వేలు వస్తే కూతురి ఫీజు కట్టుకుందామనుకోవడం దురాశ ఎలా అవుతుంది? స్టాంపు కాగితం చూశాను, ఆఫీసు చూశాను, అప్పటికే మిషను నడుపుతున్న ఇద్దరి ఇళ్లకు వెళ్లి మాట్లాడాను. ఇంతకన్నా ఏం చూడాలో మీరు చెప్పండి. బావమరిది ఇంటికి నేను వెళ్లి ఎనిమిది నెలలైంది. ఆ ఎనిమిది నెలలూ మీకు ఒక కథలా కనబడితే నాకు చాలా కోపంగా ఉంది.

పెద్దాపురం వీధి

మిమ్మల్ని నొప్పించాలని అనలేదు. క్షమించండి.

నర్సాపురం సూది

లేసు ఎందుకంటే, కిట్టు పని అంటే ఏమిటో మాకు తెలుసు కాబట్టి. అంతకన్నా వేరే కారణం లేదు.

దూరదేశం (న్యూజెర్సీ)

ఇక్కడ అమెరికాలో కూడా ఇదే తంతు ఉంది. బొమ్మలు, నగలు, అలంకరణ వస్తువులు ఇంట్లో బిగించి పంపండి, కొంటామంటారు, ముందు కిట్టుకు డబ్బు కట్టమంటారు, తీరా పంపాక నాణ్యత లేదని తిప్పికొడతారు. 2012 నుంచి అమలులో ఉన్న ఫెడరల్ ట్రేడ్ కమిషన్ అనే ఇక్కడి ప్రభుత్వ సంస్థ నిబంధన ప్రకారం ఇలాంటి అవకాశం అమ్మేవారు డబ్బు తీసుకోవడానికి కనీసం ఏడు రోజుల ముందు తమ వివరాలన్నీ కాగితం మీద ఇవ్వాలి. ఎంత సంపాదించవచ్చో చెప్పుకుంటే దానికి ఆధారం చూపాలి, తమ మీద ఉన్న కోర్టు కేసులు చెప్పాలి. మీ ఊళ్లో ఆ చట్టం లేకపోయినా ఆ ప్రశ్నలు మీరు అడగవచ్చు కదా. ఇంకొకటి, మా ఇళ్లలో సీమంతాలకు, వరలక్ష్మీ వ్రతానికి వచ్చిన ముత్తయిదువులకు ఇవ్వడానికి సిల్కు దారం గాజులు ఊరి నుంచి తెప్పించుకుంటాం. ఆరు గాజుల సెట్టు 300కు తక్కువ ఎప్పుడూ దొరకలేదు. చేసిన చేతికి అందులో 30 రూపాయలే వస్తోందని ఈ రోజే తెలిసింది.

లెక్కల పుస్తకం

సామాను సొంతంగా కొంటే సెట్టుకు 70 నుంచి 80 అవుతుంది. మధ్యవర్తి లేకుండా 250కి అమ్మినా గంటన్నర పనికి 170 మిగులుతుంది. అయితే శ్రావణం, పెళ్లిళ్ల రోజులు పోతే గిరాకీ పడిపోతుంది, ఆ లెక్క కూడా చూసుకోవాలి. ఆన్‌లైన్ వేదికల మీద అమ్మడానికి చిన్నవారికి కూడా జీఎస్టీ నంబరు తప్పనిసరిగా ఉండేది, 2023 అక్టోబరు 1 నుంచి సొంత రాష్ట్రంలో అమ్ముకునేవారికి, అమ్మకాలు నమోదు పరిమితి దాటనంత వరకు, ఆ నిబంధన సడలించారు. చిన్న వ్యాపారాలకు ప్రభుత్వం చేసే ఉద్యమ్ నమోదుకు, అసంఘటిత కార్మికులకు ఇచ్చే ఈ-శ్రమ్ కార్డుకు రుసుము లేదు, ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వకండి. ఇప్పటికే ఆన్‌లైన్‌లో డబ్బు పంపి మోసపోయినవారు ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయాలి, గంటల్లో చేస్తే డబ్బు ఖాతాలోనే ఆపించే అవకాశం ఉంటుంది.

మంగళగిరి మల్లె

జిగురు గురించి ఇంకా ఎవరూ చెప్పలేదు. ఫాబ్రిక్ గ్లూ వాడండి. గాజు మీద పలుచగా వేలితో పూసి, పదిహేను ఇరవై పోగులు కలిపి రిబ్బనులా పరిచి చుట్టాలి. పోగు మీద పోగు ఎక్కితే గరుకుగా కనబడుతుంది. జిగురు ఎక్కువైతే లేత రంగు దారం మీద తడి మచ్చలా మిగిలిపోతుంది, ముఖ్యంగా గులాబీ, లేత పసుపు రంగుల్లో. చివరి పోగును లోపలి వైపుకు తెచ్చి అక్కడ అతికించండి, పైకి రాకూడదు.

వాకిలి ముగ్గు (రాజమహేంద్రవరం)

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. నిన్న ఆ ప్రకటన ఇచ్చినవారికి ఫోన్ చేసి, డిపాజిట్ లేకుండా ఒక్క కిట్టు పంపండి, సామాను ధర ఇస్తాను, నా పని చూసి మిగతావి పంపండి అని అడిగాను. ఈ రోజు సాయంత్రానికి సీట్లు అయిపోతాయి అన్నారు. మీ ఆఫీసు ఎక్కడుంది, ఇంతకుముందు చేసినవారి నంబర్లు ఇస్తారా అని అడిగేసరికి ఫోన్ పెట్టేశారు, సాయంత్రానికి నన్ను గ్రూపులోంచి తీసేశారు. కొత్తపేట దీపం గారు, మీ వరండాలోని మిషను మాట చదవకపోతే నేను కట్టేసేదాన్నే.

ఆ 3,500లో 400 మాత్రం పట్టుకుని మెయిన్ రోడ్డులో ఫ్యాన్సీ దుకాణానికి వెళ్లి సామాను తెచ్చుకున్నాను. మొదటి సెట్టుకు రెండు గంటల పది నిమిషాలు పట్టింది, రెండోదానికి గంటా యాభై. మొదటి సెట్టులో రెండు గాజులకు జిగురు మచ్చ పడింది, అవి నేనే వేసుకుంటున్నాను. మా పక్కింటి పిన్నిగారు చూసి వాళ్లమ్మాయి సీమంతానికి ఆకుపచ్చ సెట్టు ఒకటి చేసిమ్మని అడిగారు, 200 ఇస్తానన్నారు. కొలతకు వాళ్లమ్మాయి గాజు ఒకటి తెచ్చిచ్చారు. స్కేలు పెడితే లోపల 60 మిల్లీమీటర్లు వచ్చింది. అంటే 2.6 కదా? దారం చుట్టాక బిగుసుకోకుండా ఉండాలంటే 2.8 తీసుకోవాలా?

బేగంబజారు బాట

60 అంటే 2.6 అమ్మా. మిగతాది మల్లె గారు చెబుతారు, చుట్టే విషయం వారికే బాగా తెలుసు.

మంగళగిరి మల్లె

ఒక్క పొర చుట్టి లోపలి వైపు జిగురు పలుచగా రాస్తే 2.6 సరిపోతుంది, రెండు పొరలయితే 2.8 తీసుకోండి. నెలలు నిండే కొద్దీ చేతులు వాస్తాయి కాబట్టి నేనయితే 2.8 చుడతాను. ముందు ఒక్క గాజు చుట్టి, రాత్రంతా ఆరనిచ్చి, పొద్దున్నే ఆ అమ్మాయి చేతికి వేసి చూడండి. అది సులువుగా ఎక్కి దిగితే మిగతా అయిదూ చుట్టవచ్చు.