ఆరోగ్యంగా ఉన్నవాళ్ల ప్లేట్‌లెట్లు: మెషీన్ లెక్కను నమ్మాలా, చేత్తో లెక్కించాలా?

శ్రీకాకుళం కుర్రాడు:
ఆఫీసులో చేయించిన హెల్త్ చెకప్‌లో నా ప్లేట్‌లెట్లు 98 వేలని వచ్చింది. జ్వరం లేదు, ఒంటి మీద మచ్చల్లేవు. అయినా ఇంట్లో అందరికీ డెంగీ అని టెన్షన్. వేరే ల్యాబ్‌లో స్లైడ్ చూసి 2 లక్షలకు పైనే ఉంటాయన్నారు. ఇంత తేడానా? మెషీన్ రిపోర్టు ఇచ్చే ముందు అందరికీ మాన్యువల్ కౌంట్ (చేత్తో లెక్కించడం) తప్పనిసరి చేయాలని నా వాదన.

గుంటూరు ల్యాబ్ టెక్నీషియన్:
ఒప్పుకోను తమ్ముడూ. మాన్యువల్ అంటే ఏం చేస్తామో చెప్తాను. రక్తాన్ని అమ్మోనియం ఆక్సలేట్ అనే రసాయన ద్రావణంతో వంద రెట్లు పలచన చేస్తే ఎర్రకణాలు పగిలిపోతాయి. దాన్ని న్యూబార్ చాంబర్‌లో (కణాలు లెక్కించడానికి గడులు గీసిన గాజు పలకలో) పోసి, తడి ఫిల్టర్ పేపర్ వేసిన పెట్రి డిష్‌లో పావుగంట మూత పెట్టి ఉంచుతాం, ప్లేట్‌లెట్లు అడుక్కి దిగాలి కాబట్టి. తర్వాత మధ్య గడిలో లెక్క. మైక్రోస్కోప్‌లో వెలుతురును కూడగట్టే కండెన్సర్‌ను సరిగ్గా దించకపోతే దుమ్ము కూడా ప్లేట్‌లెట్ లాగే మెరుస్తుంది. 250 కనిపిస్తే 2.5 లక్షలని రాస్తాం. కానీ 250 లెక్కపెట్టినప్పుడు యాదృచ్ఛికంగా వచ్చే తేడానే అటూ ఇటూ 30 వేల దాకా ఉంటుంది. పైన పిపెట్ తప్పు, కంటి అలసట అదనం. మెషీన్ వేల కణాలను లెక్కిస్తుంది, అదే ట్యూబ్ మళ్లీ పెడితే దాదాపు అదే అంకె వస్తుంది. రోజుకు వందల శాంపిళ్లు వచ్చేచోట అందరికీ చాంబర్ పెడితే తప్పులు పెరుగుతాయే గానీ తగ్గవు.

రిటైర్డ్ పాథాలజీ మాస్టారు:
మళ్లీ మళ్లీ అదే అంకె వచ్చినంత మాత్రాన అది సరైన అంకె అయిపోదు బాబూ. మామూలు కౌంటర్‌కు కణం రూపం తెలియదు, సైజు ఒక్కటే తెలుసు. సుమారు 2 నుంచి 20 ఫెమ్టోలీటర్ల (కణాల సైజు కొలిచే అతి చిన్న కొలత) మధ్య ఏది మెషీన్‌లోని సన్న రంధ్రం దాటినా ప్లేట్‌లెట్ కిందే జమ. ఐరన్ లోపం ఉన్నవాళ్లలో, తలసీమియా ట్రెయిట్ (ఆ రక్త జబ్బు జన్యువు మోస్తున్న స్థితి) ఉన్నవాళ్లలో ఎర్రకణాలు బాగా చిన్నవైతే అవీ ఆ లెక్కలోకి వచ్చేస్తాయి. బెంగాల్ వైపు పుట్టుకతోనే పెద్ద ప్లేట్‌లెట్లు, తక్కువ కౌంట్ ఉండి ఏ ఇబ్బందీ లేనివాళ్లు ఉన్నారు. వాళ్ల పెద్ద ప్లేట్‌లెట్లను ఇదే మెషీన్ ఎర్రకణాల్లో కలిపేసి కౌంట్ ఇంకా తగ్గించి చూపుతుంది. ‘ఆరోగ్యంగా ఉన్నారు, మెషీన్ చాలు’ అనడం నాకు నచ్చదు. మన ఆడవాళ్లలో ఐరన్ తక్కువని తెలియకుండానే తిరిగేవాళ్లు ఎంతమంది!

గుంటూరు ల్యాబ్ టెక్నీషియన్:
నిజమే మాస్టారూ, కానీ దానికి మందు చాంబర్ కాదు, స్మియర్, అంటే స్లైడ్ మీద పల్చగా పూసిన రక్తాన్ని మైక్రోస్కోప్‌లో చూడటం. హిస్టోగ్రామ్ (మెషీన్ గీసే కణాల సైజుల గ్రాఫ్) చివర్లో గీత కిందికి దిగకపోయినా, ఫ్లాగ్ (మెషీన్ ఇచ్చే హెచ్చరిక గుర్తు) వచ్చినా, లక్షన్నర కంటే తగ్గినా స్లైడ్ వేసి చూడాలి. ఆయిల్ ఇమ్మర్షన్ లెన్స్‌లో పది ఫీల్డుల్లో (ఒక్కోసారి కనిపించే భాగాల్లో) ఉన్న ప్లేట్‌లెట్ల సగటును 15 వేలతో గుణిస్తే ఉజ్జాయింపు అంకె వస్తుంది. ఆ పని చేయకుండా 98 వేలని రిపోర్టు చేతిలో పెట్టిన ల్యాబ్‌దే తప్పు.

రిటైర్డ్ పాథాలజీ మాస్టారు:
ఈ మాట ఒప్పుకుంటాను. ఐరన్ తక్కువైన శాంపిల్ ఫ్లాగ్ లేకుండా దాటిపోతుందన్న భయం మాత్రం నాకు పోలేదు.

శ్రీకాకుళం కుర్రాడు:
మరి నా 98 వేలు ఎలా వచ్చాయి?

గుంటూరు ల్యాబ్ టెక్నీషియన్:
రక్తం గడ్డకట్టకుండా ఈడీటీఏ అనే రసాయనం వేసిన ట్యూబ్‌లో ప్లేట్‌లెట్లు గుంపులు కట్టి ఉండొచ్చు, ఆ గుంపుల్లోని ప్లేట్‌లెట్లను మెషీన్ విడిగా లెక్కించలేదు. వెయ్యి మందిలో ఒకరికి అలా అవుతుంది. ఆ గుంపు ట్యూబ్‌లోనే, ఒంట్లో కాదు. స్లైడ్ తోక భాగంలో గుంపులున్నాయేమో అడగండి. నీలం మూత సిట్రేట్ ట్యూబ్‌లో మళ్లీ రక్తం ఇచ్చి, తీసిన వెంటనే మెషీన్‌లో పెట్టమనండి. ఆ ట్యూబ్‌లోని ద్రవం వల్ల రక్తం పలచనవుతుంది కాబట్టి వచ్చిన అంకెను 1.1తో గుణించాలి. గుంపులే అని తేలితే మీ ఫైల్‌లో రాయించుకోండి. రేపు ఏదైనా ఆపరేషన్‌కి వెళ్తే ఆ 98 వేలు చూసి అనవసరంగా ప్లేట్‌లెట్లు ఎక్కించే ప్రమాదం ఉంది.