సన్నీవేల్‌లో పోలీసు స్కానర్ కొనాలా? కొత్తగా దిగిన తమ్ముడికి మన జిల్లావాళ్ల జవాబులు

తిరుపతి నుంచి (ఇప్పుడు కాలిఫోర్నియాలోని సన్నీవేల్): అన్నలకూ అక్కలకూ నమస్కారం. రాత్రిపూట మా అపార్ట్‌మెంట్ మీద హెలికాప్టర్ తిరగతా ఉంటాది, ఎందుకో తెలీదు. ఫోన్లో స్కానర్ యాప్ (పోలీసు రేడియో మాటలు వినిపించేది) పెడితే ఇక్కడి పోలీసు ఛానెలే కనపడలా. 700 డాలర్ల స్కానర్ కొంటే అన్నీ వినొచ్చంటున్నారు. కొనేదా? వింటే కేసేమన్నా అవుతుందా?

పలమనేరు: కొనొద్దు తమ్ముడూ. గరుడ సేవ రోజు మాడ వీధుల్లో కానిస్టేబుల్ సెట్లో మాటలు చుట్టుపక్కల అందరికీ వినపడతాయి కదా, ఇక్కడ ఆ ఆశ పెట్టుకోవద్దు.

ముందు రేడియోరిఫరెన్స్ సైట్లో (ఏ ఊరి రేడియో ఏ ఛానెల్లో ఉందో రాసి ఉండే చోటు) మీ శాంటా క్లారా కౌంటీ పేజీ తెరువు. మీ పోలీసులు పీ25 ట్రంకింగ్ సిస్టమ్ మీద ఉంటారు, అంటే కొన్ని ఛానెళ్లను కంప్యూటరే అందరికీ పంచే డిజిటల్ రేడియో. ఒక్కో టాక్‌గ్రూప్‌కు (ఒక జట్టు తమలో తాము మాట్లాడుకునే లైను) ఎదురుగా మోడ్ అనే గడి ఉంటుంది. డీ (D) అంటే డిజిటల్, టీ (T) అంటే ఫేజ్ 2, పీ25లోనే కొత్త రకం. ఆ అక్షరం పక్కన క్యాపిటల్ ఈ (E) ఉంటే ఎప్పుడూ ఎన్‌క్రిప్షనే (మాటకు తాళం వేసి పంపడం), స్మాల్ ఈ (e) ఉంటే అప్పుడప్పుడు. క్యాపిటల్ ఈ ఉన్నది ఎంత ఖరీదు స్కానర్లోనూ వినపడదు. దాన్ని విప్పే ఏఈఎస్-256 కీ (తాళంచెవి) పోలీసు రేడియోల్లోనే ఉంటుంది. "అన్‌లాక్ చేసి ఇస్తాం" అనేవాళ్లకు డబ్బు కట్టొద్దు. ఎన్‌క్రిప్ట్ చేసినదాన్ని విప్పి వినడం ఫెడరల్ నేరం.

బాహాటంగా పోయే పోలీసు మాటలు ఇంట్లో వినడం తప్పు కాదు. విన్నదాంతో నేరానికి సాయం చేసినా, అరెస్టు తప్పించుకోను వాడుకున్నా కాలిఫోర్నియా పీనల్ కోడ్ 636.5 కింద కేసు. కారులో స్కానర్ పెట్టుకోవడం మీద న్యూయార్క్, ఫ్లోరిడా లాంటి రాష్ట్రాల్లో ఆంక్షలున్నాయి. అటు రోడ్ ట్రిప్ పోయేటప్పుడు ఇంట్లో పెట్టిపో.

శ్రీకాళహస్తి: ఇదంతా 2020 అక్టోబరు తర్వాత ముదిరింది. జనం లైసెన్సు నంబర్లు, వ్యక్తిగత వివరాలు రేడియోలో బయటపడకూడదని కాలిఫోర్నియా న్యాయశాఖ చెప్పింది. రెండు దార్లిచ్చింది: ఎన్‌క్రిప్ట్ చెయ్యండి, లేదా ఆ వివరాలు గాల్లో పోకుండా పద్ధతి పెట్టుకోండి. చానా ఊళ్ల పోలీసులు మొత్తం ఎన్‌క్రిప్ట్ చేసి మూసేశారు. మన కౌంటీలోనే ఉన్న పాలో ఆల్టో 2021 జనవరిలో మూసి, 2022 సెప్టెంబరులో మళ్లీ తెరిచింది. ఆ వివరాలు పోలీసులు ఫోన్లోనో కారులో కంప్యూటర్లోనో అడిగితే సరిపోయింది. నన్నడిగితే డిస్పాచ్ (పోలీసులను ఎక్కడికి పోవాలో చెప్పే ఛానెల్) మూయడం అతి. షికాగోలోనైతే పోలీసు మాటలు 30 నిమిషాలు ఆలస్యంగా వదులుతారు, వీధిలో కాల్పులు జరుగుతుంటే అరగంట తర్వాత విని ఏం జేసేది?

పుంగనూరు: అన్నా, కొట్లాట జరిగిన ఇంటి అడ్రసు, బాధితురాలి పేరు ఊరంతా వినాలా? ఆ మేరకు మూయడం న్యాయమే. మూయనివేవో తమ్ముడికి నేను చెప్తా.

కాలిఫోర్నియా హైవే పెట్రోల్ (రాష్ట్ర రహదారి పోలీసులు) ఇంకా 39–45 మెగాహెర్ట్జ్‌లో మామూలు ఎఫ్‌ఎం అనలాగ్. 35 డాలర్ల చుట్టుపక్కల దొరికే ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్ డాంగిల్ (కంప్యూటర్‌కు గుచ్చే చిన్న రేడియో) సరిపోతుంది. దాంతో వచ్చే పొట్టి యాంటెన్నాకు మాత్రం ఏమీ అందదు. ఈ బ్యాండ్‌కు పావు తరంగం అంటే 1.7 మీటర్ల పైచిలుకు తీగ కావాలి, కిటికీ బయటికి వేలాడేయి. ఫోన్ చార్జర్లు, ఎల్‌ఈడీ బల్బులు ఇక్కడే ఎక్కువ గీ పెడతాయి, వాటికి దూరంగా ఉంచు.

ఎన్‌క్రిప్ట్ చెయ్యని పీ25 టాక్‌గ్రూపులకు ఎస్‌డీఆర్‌ట్రంక్ అనే కంప్యూటర్ సాఫ్ట్‌వేర్, ఉచితం. దానికి డిజిటల్ సిగ్నల్‌ను గొంతుగా మార్చే జేఎంబీఈ లైబ్రరీ తయారు చేసుకోకుంటే టాక్‌గ్రూపులు కనపడతాయి, గొంతు రాదు, జనం చెడిందనుకుంటారు. ఒక డాంగిల్ చూసేది 2.4 మెగాహెర్ట్జ్ వెడల్పే. కంట్రోల్ ఛానెల్ (ఎవరు ఎక్కడ మాట్లాడాలో చెప్పేది), వాయిస్ ఛానెళ్లు అంతకన్నా దూరంగా ఉంటే రెండోది కావాలి.

సిగ్నల్ నిండుగా ఉన్నా మాట ముద్దగా వస్తే అది సిమల్‌కాస్ట్ గొడవ. నాలుగైదు టవర్లు ఒకే మాటను పంపుతాయి, అవి లవలేశం తేడాతో నీ దగ్గర కలబడతాయి. గెయిన్ (సిగ్నల్‌ను పెంచే సెట్టింగ్) తగ్గించి, ఒకవైపు నుంచే బాగా అందుకునే యాగీ యాంటెన్నా ఒకే టవర్ వైపు తిప్పు. ఈ జబ్బును బాగా తట్టుకునేది యూనిడెన్ ఎస్‌డీఎస్100, దాదాపు 700 డాలర్లు. నీకు చెప్పింది అదే అయ్యుంటుంది, మంచి సెట్టే, అయినా ఎన్‌క్రిప్షన్ దగ్గర అదీ మూగే.

చంద్రగిరి: అసలు సంగతి హెలికాప్టర్ కదా అబ్బాయా. గాల్లో ఎగిరేవి ఎక్కడున్నాయో చూపే ఏడీఎస్-బీ ఎక్స్‌ఛేంజ్ మ్యాప్ తెరువు. ట్రాన్స్‌పాండర్ (తానెవరో సిగ్నల్‌తో చెప్పే పరికరం) వేసి ఉంటే ఏ హెలికాప్టరో, ఎక్కడ చుట్టలు కొడతా ఉందో తెలుస్తుంది. ప్రమాదాలూ ట్రాఫిక్‌కైతే హైవే పెట్రోల్ సొంత సైట్లో ఇన్సిడెంట్ పేజీ ఉంది, రేడియోతో పని లేదు.

కౌంటీ హెచ్చరికలు పంపే అలర్ట్‌ఎస్‌సీసీలో నీ ఫోన్, అడ్రసు ఈ పూటే నమోదు చేసుకో. మంటలప్పుడు ఖాళీ చెయ్యమనే కబురు అందులోనూ వస్తుంది, నమోదు చెయ్యనోడి ఫోన్‌కు అలర్ట్‌ఎస్‌సీసీ కబురు రాదు. అపాయంలో మాట్లాడే వీల్లేకుంటే 911కు మెసేజ్ పంపు, మొదటి వరసలోనే అడ్రసు రాయి.

ఏ స్కానర్ కొన్నా సెలవులకొచ్చేటప్పుడు సూట్‌కేసులో పెట్టుకు రావద్దు. వైర్‌లెస్ సెట్ దగ్గరుంచుకోను మన దేశంలో 1933 నాటి చట్టం నుంచే లైసెన్సు కావాలి. చెన్నైలో దిగి తిరుపతి బస్సెక్కేలోపే కస్టమ్స్ కౌంటర్ దగ్గర ఇరుక్కుంటావు.